నాన్నగారికి చూపిస్తామన్న పులి

ఆ రోజు ఉదయం ఆరూ ఇరవైకి నాన్నగారు స్కూటర్ బయటికి తీసి, సీటు తుడిచి, నన్ను ఎక్కమన్నారు. ఎక్కడికని అడిగితే ద్వారకా తిరుమల వైపు అన్నారు. గుడికైతే స్నానం చెయ్యలేదు కదా అన్నాను. గుడికి కాదన్నారు. అటువైపు ఆయిల్‌పామ్ తోటల్లో పులి అడుగులు కనిపించాయని ముందురోజు పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఆయన దాన్ని రెండోసారి కూడా చదవడం చూశాను కాని, బయల్దేరి వెళ్తారని అనుకోలేదు.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. పొలం పెంటపాడు దగ్గర. నాన్నగారు జీవితమంతా వరి పండించారు. మా ప్రాంతంలో అడవి లేదు. చేలు, కాలవలు, దక్షిణంగా వెళ్తే కొల్లేటి చేపల చెరువులు. మేము చూసిన అడవి జంతువుల్లో పెద్దది చెరువు గట్ల మీద తిరిగే బావురుపిల్లి. నేను ఏలూరులో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. అప్పుడు సెలవులకి ఇంటికి వచ్చి ఉన్నాను.

తోటలో అటవీశాఖ వాళ్ళు ఒక అడుగు మీద వెదురు గంప బోర్లించి, పైన ఇటుక పెట్టారు. కాపలా ఉన్నతను మమ్మల్ని చూసి, చాలామంది వస్తున్నారని విసుక్కుంటూనే గంప ఎత్తాడు. నాన్నగారు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. గేదెని కొనేటప్పుడు కూడా ఆయన అంతసేపు చూడగా నేనెరగను.

"పరిగెత్తలేదురా ఇది," అన్నారు. "పనుండి వెళ్తున్న మనిషిలా నడిచింది."

తిరుగు దారిలో టీ తాగుతూ, "దీన్ని చూడాలిరా," అన్నారు. ఆయన తనకి ఫలానాది కావాలని అడిగే మనిషి కాదు. చొక్కా చిరిగిందని కూడా అమ్మ కనిపెట్టి చెప్పాల్సిందే. అందుకని ఆ మాట నాలో ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మకి చెబితే ఆవిడ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"ఏవండీ, మతుండే మాట్లాడుతున్నారా? ఎదురొస్తే పారిపోవలసినదాన్ని డబ్బిచ్చి మరీ చూడ్డానికి వెళ్తారా?"

"ఎదురొస్తే పారిపోవచ్చులే. ముందు ఎదురు రానీ."

"నేను మాత్రం రానండీ. మీరూ మీ అబ్బాయీ వెళ్ళండి. నాకు టీవీలో కనపడేది చాలు."

ఇది మావయ్య చెవిన పడింది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. కొల్లేటికోట దగ్గర చేపల చెరువులున్నాయి. ఏ పనైనా చిన్నగా చెయ్యడం ఆయనకి చేతకాదు. ఒక ఆదివారం రొయ్యలు పట్టుకుని వచ్చి, వరండాలో కూర్చుని, ఫోన్లో ఫోటోలు చూపించడం మొదలుపెట్టాడు.

"బావగారూ, పులిని చూడ్డానికి బస్సులో నలుగురితో పోకూడదండీ. లగ్జరీ సఫారీ అని ఉంది. జీపు మనదే, గైడు మనోడే. గుడారంలో పడక. గుడారమంటే మన పందిరి గుడ్డ కాదండోయ్, ఏసీ ఉంటుంది. వెనకాల బాత్‌టబ్బు."

"పులిని చూడ్డానికి బాత్‌టబ్బు ఎందుకోయ్? దానికి నీళ్ళు పోస్తావా?"

"పగలంతా దుమ్ములో తిరిగొస్తాం కదండీ."

"దుమ్ము మనకి కొత్తా? నూర్పిళ్ళప్పుడు ఏ టబ్బులో మునిగావు నువ్వు?"

"అందుకే అంటున్నానండీ. అప్పుడు మునగలేదు కాబట్టి ఇప్పుడు మునుగుదాం."

నాన్నగారు నవ్వారు. ఆయనకి నడుం నొప్పి ఉండేది. గట్టి సీటు మీద గంటల తరబడి కూర్చోలేరు. అందుకని ఖరీదైనదే నయమని నేనూ మావయ్య పక్షమే చేరాను.

ఆ రిసార్టు వాళ్ళు పంపిన రంగుల కాగితాలు నేను మొత్తం చదివాను. మహారాష్ట్రలో, రైలు బల్లార్షా దాటాక దిగి రోడ్డు మీద వెళ్ళవలసిన చోటు. కాగితాల నిండా రాజసం, మాధుర్యం, మరపురాని అనుభూతి. గేటు ఎన్నింటికి తెరుస్తారో, జీపులో వీపుకి ఆనిక ఉంటుందో లేదో ఎక్కడా లేదు. విశేషణాలు ఎక్కువున్న చోట వివరాలు తక్కువుంటాయని నేను పిల్లలకి చెబుతూ ఉంటాను. చివరికి హైదరాబాదులో ఉన్న వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాం. ఒకమ్మాయి మాట్లాడింది. మావయ్య స్పీకరు పెట్టించాడు.

"అమ్మాయ్, మా ద్వారకా తిరుమలలో పెద్ద టికెట్టు తీసుకుంటే స్వామికి దగ్గరగా పంపిస్తారు. మీ దగ్గర అలాంటిదేమైనా ఉందాండీ?"

"అర్థం కాలేదు సర్."

"అదేనమ్మా. ఇంత టికెట్టు తీసుకున్నాక పులి గ్యారంటీయే కదా?"

"గ్యారంటీ ఉండదు సర్. అది అడవి. పులి ఎక్కడుంటుందో ఎవరం చెప్పలేం."

"మరి లగ్జరీ దేనికి?"

"లగ్జరీ మీకు సర్. పులికి కాదు."

నాన్నగారు పెద్దగా నవ్వారు. "ఆ అమ్మాయి నిజం చెబుతోందోయ్. వాళ్ళ దగ్గరే తీసుకో," అన్నారు.

మొదట రెండో పంట, దాళ్వా కోతలయ్యాక వెళ్దామనుకున్నాం. కోతలు మొదలయ్యాయో లేదో వాన పట్టుకుంది. కళ్ళంలో ధాన్యం తడిసి మొలక వస్తుంటే నాన్నగారు టార్పాలిన్లు మార్చడంలో ఉన్నారు. పులి మాట ఎత్తే ధైర్యం మావయ్యకి కూడా లేకపోయింది. ఆ తర్వాత వానాకాలానికి అడవి మూసేశారు. మళ్ళీ తెరిచే నెలకి టికెట్లు తీసుకున్నాం. నాన్నగారి పేరు, నా పేరు, మావయ్య పేరు. పర్మిట్టు కోసం ఆధార్ కార్డులు పంపాం. పర్మిట్టు వచ్చాక నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని అందులో తన పేరు చదువుకుని, "వయసు సరిగ్గానే వేశారు," అన్నారు.

శ్రావణంలో, నాట్లు పూర్తయిన వారంలో, పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద నడుం వాల్చారు. లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. దాని గురించి ఇంతకంటే రాయగలిగింది నా దగ్గర లేదు.

పదో రోజున కాలవ గట్టు మీద పిండం పెట్టారు. పోయినవాళ్ళకి పెట్టిన పిండాన్ని కాకి వచ్చి ముడితే వాళ్ళకి అందినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు గట్టు మీద నిలబడ్డ బంధువులు ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరే పైకి మాటిస్తారు. నేను ఇది పుస్తకాల్లోనూ చదివాను, ఊళ్ళోనూ చూశాను. మా ఇంట్లో జరిగేదాకా దాని గురించి ఒక అభిప్రాయం ఉండేది.

కాకులు వచ్చాయి. అవతలి గట్టు మీద, కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. దిగలేదు. ఎండ పెరుగుతోంది. పంతులు గారు గొడుగు వేసుకుని కొంచెం దూరంగా నిలబడ్డారు.

"అక్కని నేను చూసుకుంటాను బావగారూ! ఏ లోటూ రానివ్వను!" అని మావయ్య పెద్దగా అన్నాడు. కాకులు కదల్లేదు.

"పొలం అమ్మం నాన్నగారూ," అన్నాను నేను.

"ఆ చేలో బోరు వేయిద్దామనేవాడు. అది చెప్పండ్రా," అని వెనక నుంచి ఎవరో పెద్దాయన అన్నారు. అదీ చెప్పాం.

"నీరుకావి పంచెలు కావాలేమో."

"చచ్చినాక పంచెలెందుకండీ బాబూ."

"అదేంటయ్యా, కోరికకి చావేంటి?"

ఎవరో నవ్వాపుకోవడం వినిపించింది. అప్పటిదాకా అమ్మ గట్టు కిందున్న రేవు మెట్టు మీద కూర్చుని ఉంది. లేచి, కొంగు తల మీదికి లాక్కుని, కాలవ వైపు తిరిగి, రోజూ భోజనానికి పిలిచే గొంతుతో అంది: "పులిని చూపిస్తాంలెండి. రండి, తినండి."

తీగ మీద నుంచి ఒక కాకి దిగింది. దాని వెనక తక్కినవీ దిగాయి.

కాకి ఆకలేసి దిగిందని నాకు తెలుసు. అప్పటికే చాలాసేపైంది. కాని అక్కడున్న ఎవరూ అలా అనుకోలేదు. అమ్మ అసలే అనుకోలేదు. కోరిక పెద్దదైనా, చిన్నదైనా, మాట ఇచ్చింది ఆవిడ. పులిని టీవీలో చూస్తే చాలన్న మనిషి. ఇప్పుడు ఆవిడ స్వయంగా చూడాలి. ఆవిడ చూస్తే ఆయన చూసినట్టు. చూడలేకపోతే ఆయన్ని గట్టు మీద పిలిచి మోసం చేసినట్టు. మనుషులు ఇవ్వగలిగినవి చాలా ఉన్నాయి గాని, పులి వాటిలోది కాదు. ఆ సంగతి ఆ అమ్మాయి ఫోన్లో ముందే చెప్పింది.

బంధువుల్లో కొందరికి ఇంకో అభ్యంతరం వచ్చింది. భర్త పోయిన ఏడాది లోపల పొలిమేర దాటి విహారానికి వెళ్ళడమేమిటని. పెద్దకార్యం నాడు అమ్మ ఆ సంగతే పంతులు గారిని అడిగింది. ఆయన తాంబూలం తీసుకుంటూ ఆలోచించారు.

"గుళ్ళకీ, శుభకార్యాలకీ వెళ్ళకూడదంటారమ్మా. అడవి గుడీ కాదు, పెళ్ళీ కాదు. అక్కడ మీకెవరూ ఎదురొచ్చి మొహం తిప్పుకోరు. మాట ఆయనకిచ్చారు కాబట్టి సంవత్సరీకం లోపల తీర్చుకోండి."

అప్పటి నుంచి ప్రయాణం బాధ్యత అమ్మ తీసుకుంది. నేను కాలేజీ ఉన్న రోజుల్లో ఉదయం రైల్లో ఏలూరు వెళ్ళి, సాయంత్రానికి తిరిగి అమ్మ దగ్గరికి వచ్చేవాణ్ణి. మా ఆవిడ ఉద్యోగం ఏలూరులోనే కాబట్టి ఆదివారాలు తను ఇక్కడికి వచ్చేది. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ అడిగేది: "ఆ అమ్మాయికి ఫోన్ చేశావా?"

మొదటి ఫోను నాన్నగారి పర్మిట్టు గురించి. "అది వేరేవాళ్ళ పేరు మీదకి మారదు మేడమ్. కొత్తది తీసుకోవాలి," అంది ఆ అమ్మాయి.

"ఎలా మారుతుందమ్మా. సరే, నా పేరు మీద కొత్తది తియ్యి," అంది అమ్మ.

తెరిచిన నెలలోనే వెళ్ళిపోదామని మావయ్య తొందరపెట్టాడు. అమ్మ ఆ అమ్మాయిని అడిగింది: "ఏ నెలలో బాగా కనపడుతుందమ్మా? దాచకుండా చెప్పు."

"ఇప్పుడు వెళ్తే గడ్డి ఎత్తుగా ఉంటుంది మేడమ్. పక్కనే పడుకున్నా కనపడదు. ఎండాకాలంలో అయితే గడ్డి ఎండిపోతుంది, నీళ్ళు తక్కువవుతాయి. చెరువుల దగ్గరికి వస్తాయి."

"అయితే ఎండాకాలమే."

"అక్కా, అక్కడి ఎండ మన ఎండ కాదు. మాడిపోతాం," అన్నాడు మావయ్య.

"ఏసీ ఉందన్నావుగా. బాత్‌టబ్బు ఉందన్నావుగా. మునుగు."

అలా ప్రయాణం వేసవికి పడింది. ఈలోగా అమ్మ ఆ అమ్మాయిని అడగని ప్రశ్న లేదు. ఏ గేటు మంచిది? ఉదయం మంచిదా, సాయంత్రమా? గైడుకి ఎన్నేళ్ళ అనుభవం? తెల్లచీర కట్టుకోవచ్చా? తెల్లది వద్దు, ఆకుపచ్చో మట్టిరంగో మంచిదని ఆ అమ్మాయి చెబితే, అమ్మ బీరువాలోంచి ఒక కాఫీపొడి రంగు చీర తీసి విడిగా పెట్టింది. నేను పులుల మీద లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ తెచ్చి, అందులో పనికొచ్చేవి ఆవిడకి చదివి వినిపించేవాణ్ణి. జింక ఏ అరుపు అరిస్తే పులి దగ్గర్లో ఉన్నట్టో ఆవిడకి తెలిసింది. ఒక సాయంత్రం వంటింట్లోంచి, "మగపులి తన మేరలో ఇంకో మగపులిని రానివ్వదంటావా?" అని అడిగింది. రానివ్వదన్నాను. "మీ నాన్నగారూ అంతే. గట్టు మీద జానెడు జరిపితే ఊరుకునేవారా," అంది. ఆయన పోయాక ఆవిడ ఆయన గురించి తేలిగ్గా మాట్లాడడం అదే మొదలు.

మిగతా పనులన్నీ ఆగిపోయాయి. నాన్నగారి బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామా అని మా ఆవిడ మెల్లగా అడిగితే, "పులి అయ్యాక చూద్దాం," అంది అమ్మ. పొలం కౌలుకి చేస్తానని పక్క చేను రైతు వస్తే, "పులి అయ్యాక రండి," అంది. అతనికేమీ అర్థం కాక నా వైపు చూశాడు. స్కూటర్ కొంటానని ఒకతను వచ్చాడు. గది సున్నం పెచ్చులూడుతోంది. గాదె కింద చెద పట్టింది. అన్నిటికీ అదే మాట. కొన్నాళ్ళకి మేమందరం ఆ మాటే వాడడం మొదలుపెట్టాం. మా ఆవిడ ఏలూరు నుంచి ఫోన్ చేసి, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు పులికి ముందా, పులి అయ్యాకా అని అడిగేది. మావయ్య తన చెరువుల్లో చేపల పట్టుబడి కూడా, "పులి అయ్యాక పెట్టుకున్నాను," అని చెప్పేవాడు.

ఒక్కటి మాత్రం ముందుకి వచ్చింది. అమ్మ కుడి కంట్లో శుక్లం ఉంది. ఆపరేషను కూడా పులి అయ్యాకే అంటే మావయ్య ఊరుకోలేదు.

"అక్కా, పులిని దేంతో చూస్తావే? బావగారికి మసక పులిని చూపిస్తావా?"

అమ్మ "రేపు తీసుకెళ్ళు," అంది.

ఏప్రిల్ నెలాఖరున ముగ్గురం రైలెక్కాం. అమ్మ ఆవకాయ, అప్పాలు, చిన్న రాగి చెంబు పెట్టుకుంది. రిసార్టు ఫోటోల్లో చూపించినట్టే ఉంది. ఆ ఫోటోల్లో అబద్ధం లేదు. మంచాల మీద తెల్లటి దోమతెర, గాజుపాత్రల్లో పళ్ళు. మావయ్య నేరుగా బాత్‌టబ్బు దగ్గరికి వెళ్ళి, వంగి చూసి, "నాలుగు శీలావతి చేపపిల్లల్ని వదలచ్చు," అన్నాడు. అమ్మ దాని గట్టు మీద చీర ఆరేసుకుంది. రాత్రి భోజనానికి మంట చుట్టూ కుర్చీలు వేసి, ఏదో కొమ్ముబూరా ఊదారు. అమ్మ ఒక రొట్టె తిని, పొద్దున్న ఎన్నింటికి లేవాలని అడిగి, వెళ్ళి పడుకుంది.

మాకు మూడు రోజుల్లో అయిదు రౌండ్లు ఉన్నాయి. అయిదింటిలో ఒక్కసారి కనపడినా అదృష్టమే అని గైడు ముందే చెప్పాడు. అతను మరాఠీ కలిసిన హిందీ మాట్లాడతాడు. మావయ్య తన హిందీలో, "భయ్యా, హమ్ కో నహీ దిఖాయా తో హమారా బావగారు కో జవాబ్ తుమ్ దేనా," అన్నాడు, మాకు చూపించకపోతే బావగారికి జవాబు నువ్వే చెప్పుకోవాలని. గైడు సరే సర్ అన్నాడు. ఏ బావగారో అతనికేం తెలుసు.

మొదటి రోజు ఉదయం గేటు తెరవగానే మా జీపు లోపలికి వెళ్ళింది. అమ్మ ముందు వరసలో, గైడుకి సరిగ్గా వెనక సీట్లో కూర్చుంది. వెదుళ్ళు ఎండి పసుప్పచ్చగా ఉన్నాయి. టేకు ఆకులు రాలి నేల కనిపిస్తోంది. రెండు మలుపులు తిరిగాం. మూడో మలుపులో డ్రైవరు ఇంజను ఆపేశాడు.

దారి పక్కన చిన్న నీటి గుంట. అందులో, వెనక భాగం నీళ్ళలో ఉంచి, పులి కూర్చుని ఉంది.

నేను అనుకున్నదానికంటే పెద్దది. రంగు ఫోటోల్లో ఉన్నంత ముదురు కాదు. అది మమ్మల్ని చూసింది, తర్వాత చూడ్డం మానేసింది. నాలిక బయటపెట్టి నీళ్ళు తాగింది. కాసేపటికి లేచి, నీళ్ళు కారుతుండగా, దారికి అడ్డంగా మా జీపు ముందు నుంచి నడిచి, వెదుళ్ళలోకి వెళ్ళిపోయింది. వెళ్ళినప్పుడు తొందరపడలేదు. అంతే జరిగింది. దీనికి ఏ పోలికా వెతకడం నాకిష్టం లేదు.

మావయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. "మొదటి రౌండులోనే అక్కా! గేటు దాటామో లేదో! బావగారంటే మాటలా!" గైడు కూడా వెనక్కి తిరిగి, ఇలా నెలకోసారి కూడా జరగదని చెబుతూ నవ్వాడు.

అమ్మ పులి వెళ్ళిన వైపు చూస్తూనే ఉంది. కొత్తగా బాగైన కన్ను. బాగానే చూసింది, సందేహం లేదు. చెయ్యెత్తి దణ్ణం పెట్టలేదు. "అయిపోయిందా?" అంది.

"అయిపోలేదు మేడమ్, ఇంకా లోపలికి వెళ్దాం," అన్నాడు గైడు హిందీలో. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ తలూపింది.

మధ్యాహ్నం రెండో రౌండుకి జీపు వచ్చి నిలబడితే అమ్మ కదల్లేదు.

"మీరు వెళ్ళండ్రా. చూశాం కదా, మళ్ళీ ఎందుకు?"

"అదేంటక్కా, డబ్బులు కట్టేశాం. పిల్లల్తో ఆడపులి ఒకటుందట."

"నేను మాటిచ్చింది ఒక పులికే. సంసారం మొత్తాన్నీ చూపిస్తానన్లేదు."

మావయ్య నవ్వుకుంటూ ఒక్కడే వెళ్ళాడు. నేను ఉండిపోయాను. గుడారం ముందు వరండాలో కూర్చున్నాం. ఎదురుగా ఎండిన గడ్డి, దాని అవతల అడవి. ఏసీ చప్పుడు లోపల్నించి వస్తోంది. అమ్మ చీర కొంగు అంచు సరిచేసుకుంటూ ఉండిపోయింది. మాట నిలబెట్టుకున్నావు కదమ్మా, ఇంక దిగులెందుకు అన్నాను.

"దిగులేం లేదురా," అంది. అడవి వైపు చూస్తూ, "కనపడకపోతే వచ్చే ఏడు మళ్ళీ రావాల్సొస్తుందనుకున్నాను," అంది.

నేనామె వైపు చూడలేదు. గడ్డి ఎండేదాకా ఆగుదామన్నది, గైడు అనుభవం ఎంతన్నది, ఏ గేటని వారాల తరబడి అడిగింది ఎందుకో అప్పుడు తెలిసింది. పులి కనపడదేమోనని ఆవిడ భయపడుతోందని మేమందరం అనుకున్నాం; కనపడితే ఈ పని అయిపోతుందని ఆవిడ భయం. నేనూ పుస్తకం వెంట పుస్తకం తెస్తూ వచ్చాను. ఒకటి పూర్తయ్యేసరికి ఇంకోటి కావాలనిపించేది. ప్రతి సాయంత్రం గుమ్మంలోకి రాగానే ఆయన పని మీద మాట్లాడుకునేవాళ్ళం. ఆయన బతికున్నప్పుడు కూడా ఆయన గురించి రోజూ అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

"ఆయనకి తొందరెక్కువ," అంది అమ్మ. "పెళ్ళిళ్ళకి వెళ్ళినా అంతే. అక్షింతలు వేశామా, భోజనం చేశామా, పద పద అనేవారు. నలుగురితో కూర్చుని మాట్లాడనిచ్చేవారు కాదు. ఇదీ అలాగే చేశారు."

నవ్వింది కూడా. ఆ తర్వాత లోపలికి వెళ్ళి పడుకుంది.

మావయ్య మిగిలిన రౌండ్లన్నీ తిరిగాడు. జింకలు, అడవిదున్నలు, ఒక ఎలుగుబంటి కనిపించాయి. పులి మళ్ళీ కనపడలేదు. చివరి రోజు సాయంత్రం దుమ్ము కొట్టుకుని వచ్చి, బాత్‌టబ్బులో మునిగి, లోపల్నించే, "బావగారూ, మీరన్నది నిజమేనండీ, దీనికింత అక్కర్లేదు!" అని అరిచాడు. బయట నేనూ అమ్మా విన్నాం.

తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. ఇంటికి వచ్చి, తలుపు తీసి, అమ్మ ముందు పెరటి తలుపూ కిటికీలూ తెరిచింది. కాఫీ పెట్టి ఇచ్చింది. కాఫీ తాగుతూ మావయ్య కొంచెం తటపటాయించి, "అక్కా, ఆ కౌలు రైతు మొన్న ఫోన్ చేశాడు. పులి అయ్యాక రమ్మన్నారట. ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"రేపు రమ్మను," అంది అమ్మ.

మర్నాడు అతను వచ్చాడు. మాటలు పూర్తి కావడానికి పావుగంట పట్టలేదు. అతను వెళ్ళాక అమ్మ బీరువా తెరిచి నాన్నగారి చొక్కాలు మంచం మీద పెట్టింది. ఒక్కొక్కటీ విప్పి, గుండీలు చూసి, ఊడినవాటికి గుండీలు కుట్టి, మళ్ళీ మడత పెట్టింది. గుండీ లేని చొక్కా ఇవ్వకూడదంది. నేను దారం ఎక్కించి ఇచ్చాను. ఒక చొక్కా ఉంచుకుంటానంటే ఏదో ఒకటి తీసుకోమంది. తక్కినవి పొలంలో పనిచేసేవాళ్ళు పట్టుకెళ్ళారు. స్కూటర్ అడిగినతను అప్పటికే వేరేది కొనుక్కున్నాడు. ఇంకొకతను వచ్చి తీసుకెళ్ళాడు. గదికి సున్నం వేయించాం. గాదె విప్పించాం. సంవత్సరీకం వచ్చేసరికి చెయ్యవలసినవి ఏవీ మిగల్లేదు.

అమ్మ ఇప్పుడు మాతో ఏలూరులో కొన్నాళ్ళు, మావయ్య దగ్గర కొన్నాళ్ళు, తాడేపల్లిగూడెంలో కొన్నాళ్ళు ఉంటుంది. ఎక్కడున్నా పొద్దున్నే లేచి పనుల్లో పడుతుంది. మొన్నామధ్య ఎవరో బంధువులు పులి సంగతి అడిగితే, ఎంతుందో చేతులు చాపి చూపించి, "బానే ఉందండీ, తాపీగా నడిచింది," అని చెప్పింది.

మా ఇంట్లో ఇప్పుడు ఏ పనీ వాయిదా వెయ్యడం లేదు.